బేస్ వినబడకపోతే తప్పు పెట్టెది కాదు

ఉగాది ఫంక్షన్ రోజు ఆడిటోరియంలో ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రార్థన అయ్యాక మొదటి సినిమా పాట మొదలైంది. నేను స్టేజికి ఎడమ పక్కన నిలబడి, లంగావోణీలో, భుజాన బేస్ గిటార్ వేసుకుని వేళ్లు కదిలిస్తూనే ఉన్నాను. కానీ స్పీకర్లలోంచి నా వాద్యం ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. పాట అయ్యాక మా క్లాసు అమ్మాయి ఒకతె, "ఏమే, ఊరికే పట్టుకుని నిలబడ్డావా?" అంది. అప్పటికి నవ్వేశాను గానీ ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాతి వారం లైట్ మ్యూజిక్ టీమ్ మీటింగ్‌లో తీర్పు వచ్చేసింది. "ఈ డిజిటల్ పెట్టెల్ని నమ్ముకుంటే ఇంతే. ఈసారి వచ్చిన డబ్బుతో మంచి బేస్ ఆంప్ కొనేద్దాం" అని. దాదాపు అందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కవితలు, పుస్తక పరిచయాలు ఉండాల్సిన చోట కేబుళ్ల గోల పెడుతున్నందుకు ఎడిటర్ అక్క, మేడమ్స్ క్షమించాలి. అయితే ఖర్చు కాబోయేది మనందరి డబ్బు. అది ఒక్కసారే వస్తుంది.

ముందు నా స్వార్థం ఒప్పేసుకుంటాను. నేను వాడుతున్న పెట్టె నాది కాదు, మా బావది. (అవును, బావే. నవ్వడం అయ్యాక కింది పేరా చదవండి.) సెలవులకు తిరిగి ఇచ్చేయాలి. ఆ తర్వాత టీమ్ పేరు మీద అలాంటి పెట్టే ఒకటి ఉండాలా, లేక ఆ డబ్బుతో ఆంప్ రావాలా అన్నదే ప్రశ్న. వచ్చే ఏడాది నేను ఉండను. నా తర్వాత బేస్ పట్టుకునే జూనియర్‌కు ఏది మేలు అన్న లెక్కలోనే చెబుతున్నాను.

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. దానికి మామూలుగా నాలుగు తీగలు. గిటార్‌లోని లావు తీగలు నాలుగింటికంటే ఒక స్థాయి కింద పలుకుతాయి. అన్నిటికంటే లావు తీగను వదిలి మీటితే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అది చెవికి తెలిసేదానికంటే ఛాతీకి తెలిసేది ఎక్కువ. పాటలో బేస్ ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, తీసేస్తే మాత్రం ఇల్లు ఖాళీ చేసినట్టు ఉంటుంది. నమ్మకపోతే గీతాంజలి (1989) పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో, బేస్ మీదే చెవి పెట్టి వినండి. ఇళయరాజా ఆ కింది వరసను పాటకు కావలి కాయడానికి పెట్టలేదు, పాటతో పాటు ఇంకో పాట పాడించడానికి పెట్టారు. మనం పుట్టి పెరిగిన ఈ చెన్నైలోనే మన తెలుగు పాటలు ఎన్నో ఏళ్లు రికార్డయ్యాయి. మన ఇళ్లలో వినబడే తెలుగు యాసలో సగం అరవం కలిసినా, ఆ పాటల విషయంలో మాత్రం మనకు కొంచెం పొగరు ఉండొచ్చు.

ఇక ప్రీఆంప్. బేస్ తీగ కదిలితే, దాని కింద ఉన్న పికప్‌లోని అయస్కాంతం, సన్నని రాగి తీగచుట్ట కలిసి చిన్న కరెంటు పుట్టిస్తాయి. చాలా చిన్నది, మామూలుగా మీటితే వోల్టులో ఒకటి రెండు పదో వంతులు. స్పీకర్ని కదిలించే పెద్ద ఆంప్లిఫయర్‌కు ఇది చాలదు. మధ్యలో ఒకరు దీన్ని అందుకుని, బలం పెంచి, స్వరం దిద్ది పంపాలి. ఆ మధ్యవర్తే ప్రీఆంప్. మృదంగం వాయించేవాళ్లు కచేరీ ముందు ఎడమ వైపు రవ్వముద్ద తడిపి పూసి, కొట్టి చూసి, కొంచెం గీరి, మళ్లీ పూసి చూసుకుంటారు కదా. మైకు ముందుకు వెళ్లకముందే తమ స్వరం తామే సిద్ధం చేసుకోవడం అది. ప్రీఆంప్ నాకు ఆ రవ్వముద్ద లాంటిది.

మరి బేస్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చితే ఏమవుతుంది? మొదటి ఏడాది నేను అదే చేశాను, మన టీమ్‌లో చాలామంది ఇప్పటికీ గిటార్లతో అదే చేస్తున్నారు. శబ్దం వస్తుంది. కానీ దుప్పటి కప్పినట్టు వస్తుంది. కారణం ఇంపెడెన్స్. ఈ మాట వినగానే ఫిజిక్స్ గుర్తొచ్చి భయపడకండి. ఇంట్లో మేడ మీద ట్యాంకు నుంచి సన్న గొట్టంలో నీళ్లు వస్తున్నాయి అనుకోండి. ఒక కుళాయి కొద్దిగా తిప్పితే ధార బాగానే ఉంటుంది. ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ ఒక్కసారే విప్పేస్తే? ధార చచ్చిపోతుంది. మామూలు బేస్ పికప్ ఆ సన్న గొట్టం, దాని అడ్డు పది వేల ఓంల చుట్టూ ఉంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ కూడా తరచు పది వేల ఓంల దగ్గరే ఉంటుంది, అంటే కుళాయిలన్నీ విప్పేసినట్టే. సగం బలం అక్కడే పోయింది. గిటార్ కోసం చేసిన ఇన్‌పుట్ ఉన్న పెట్టె అయితే పది లక్షల ఓంల దాకా ఉంటుంది. ఒక్క కుళాయి, అదీ కొంచెమే తిప్పినట్టు. బలం అంతా నిలబడుతుంది.

పోయేది బలం ఒక్కటే అయితే ఫేడర్ పైకి తోసేస్తే సరిపోయేది. పికప్ తీగచుట్ట కాబట్టి, పై ఫ్రీక్వెన్సీలకు దాని అడ్డు ఇంకా చాలా పెరుగుతుంది. అందుకే ముందుగా పోయేది పై శబ్దం. వేలు తీగను వదిలినప్పటి చిన్న టక్కు, స్వరం మొదలయ్యే ఆ అంచు. అది పోతే మిగిలేది గుమ్ము గుమ్ము మాత్రమే.

"బేస్ అంటేనే కింది శబ్దం కదా, పై శబ్దం పోతే నీకేంటి?" అని మన కీబోర్డు అక్క అడిగింది. మంచి ప్రశ్న. మన ఆడిటోరియం గోడలకు తగిలించిన పొడుగు స్పీకర్లను చూశారా? ప్రిన్సిపల్ మేడం ఉపన్యాసం స్పష్టంగా వినబడటానికి పెట్టినవి అవి. వాటిలో 41 అనే సంఖ్య పలకదు, ఎంత తోసినా పలకదు. అయినా ఆ స్వరం మనకు తెలుస్తుంది. ఎలాగంటే, తీగ 41తో పాటు 82, 123, 164 ఇలా దాని గుణిజాలుగా కూడా కంపిస్తుంది. చెవి ఆ పై మెట్లు విని కింది మెట్టు ఏదో తనే లెక్క కట్టుకుంటుంది. మన చెవులు చేసే పనుల్లో నాకు చాలా ఇష్టమైనది ఇది. కాబట్టి ఇలాంటి హాల్లో బేస్ వినబడాలంటే బేస్ నాబ్ తిప్పకూడదు. దానికి పైన, 200 నుంచి 800 దాకా ఉండే మధ్య భాగాన్ని కాపాడుకోవాలి. సౌండ్ అన్న పాపం "బేస్ వినబడటం లేదు" అనగానే కుడిచేత్తో లో నాబ్ పూర్తిగా తిప్పేస్తాడు. అప్పుడు స్టేజి కింద చెక్కలు వణుకుతాయి, స్వరం మాత్రం తెలియదు, పాడే అమ్మాయికి శ్రుతి పట్టుకోవడం కష్టమవుతుంది.

ఇక్కడే నా అసలు బాధ. సౌండ్ అన్న చెడ్డవాడేం కాదు. కానీ స్వరం ఎలా ఉండాలో నన్ను అడగడు. పోయిన ఏడాది బయట ఒక కాలేజీ పోటీకి వెళ్లినప్పుడు గిటార్ బ్యాగు మోయడానికి మా తమ్ముణ్ని వెంట తీసుకెళ్లాను. వాడికి బేస్‌కీ గిటార్‌కీ తేడా తెలియదు. అక్కడి సౌండ్ మనిషి నన్ను దాటుకుని వెళ్లి వాణ్ని, "తంబీ, లెవెల్ ఎంత పెట్టాలి?" అని అడిగాడు. వాడు నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆయన "సరి మా, పాత్తుక్కలాం" అని, తనకు తోచినట్టే తిప్పాడు. మిక్సర్ దగ్గర మన మాట చెల్లని చోట, మిక్సర్‌కు చేరకముందే స్వరం తయారై ఉండాలి. ఆయన చేయాల్సింది ఫేడర్ ఎత్తడం ఒక్కటే అయ్యేలా చూసుకోవాలి. అందుకే ప్రీఆంప్ నా కాళ్ల దగ్గర ఉండాలి అంటున్నాను.

అయితే ప్రీఆంప్ అంటే డిజిటల్ మల్టీ ఎఫెక్ట్సే ఎందుకు? అచ్చమైన అనలాగ్ ప్రీఆంప్ పెట్టెలు ఉన్నాయి కదా. ఉన్నాయి, మంచివే. టెక్ 21 అనే న్యూయార్క్ కంపెనీ 1989లోనే శాన్స్‌ఆంప్ అని ఒకటి తెచ్చింది. పేరులోనే ఉంది, శాన్స్ అంటే ఫ్రెంచిలో "లేకుండా" అని. ఆంప్ లేకుండా ఆంప్ స్వరం. తర్వాత బేస్ కోసం వచ్చిన వాళ్ల పెట్టె ఇప్పటికీ చాలామంది కాళ్ల దగ్గర ఉంటుంది. ఎవరైనా అది కొనిస్తే వద్దనను. కానీ దానికి తెలిసినది ఒక రకం స్వరం. మన టీమ్ జానపదం నుంచి వెస్ట్రన్ దాకా ఒకే గంటలో వాయిస్తుంది. పైగా చిన్న డిజిటల్ పెట్టెల్లో ట్యూనర్ ఉంటుంది, చాలావాటిలో తాళం కోసం డ్రమ్స్ ఉంటాయి, హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండే జూనియర్‌కు రాత్రి పదకొండింటికి సాధన చేసుకోవడానికి ఇంకో దారి ఏముంది? జూమ్ బి1 ఫోర్ లాంటివైతే నాలుగు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తాయి. కరెంటు పోయినా సాధన ఆగదు. ఆంప్ ఇవేవీ ఇవ్వదు, వార్డెన్ మేడంతో గొడవ మాత్రం ఇస్తుంది.

"డిజిటల్ అంటే నకిలీ శబ్దం" అన్న మాట దగ్గరికి వద్దాం. మీటింగ్‌లో ఇది చాలాసార్లు వినబడింది. ఈ మాట అన్నవాళ్లలో ఇద్దరు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. వాళ్ల ఇద్దరి సంచుల్లోనూ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంది! తంబురా మీటే మనిషి పక్కన లేకుండా, బెంగళూరులో తయారైన ఆ చిన్న పెట్టె మీద ఆధారపడి మన సభల్లో రోజూ కచేరీలు నడుస్తున్నాయి. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు పడమటి వాద్యాన్ని తీసుకుని, అందులోనూ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, తీగల లెక్క మార్చి, దాని మీద గమకాలు పలికించారు. ఆ స్వరం పికప్‌లోంచి, ఆంప్లిఫయర్‌లోంచి వచ్చిందే. దాన్ని నకిలీ అనగలమా?

లెక్క కావాలంటే లెక్క చెబుతాను. ఇలాంటి పెట్టెలు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తాయి. సీడీలకు వాడే రేటే అది. మోటుగా చెప్పాలంటే, బేస్‌లోని 41 కంపనాల స్వరం ఒక్కసారి ఊగేలోపు వెయ్యికి పైగా కొలతలు తీసేసుకుంటుంది. "కానీ ఆలస్యం అవుతుంది కదా" అంటారు. అవుతుంది, రెండు మూడు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే మూడు మిల్లీసెకన్లకు ఒక మీటరు. ఆంప్‌కు ఒక మీటరు దూరంలో నిలబడ్డవాళ్లకు కూడా అంతే ఆలస్యం. మన డ్రమ్స్ చెల్లికి నాకూ మధ్య స్టేజి మీద అంతకంటే ఎక్కువ దూరమే ఉంటుంది, ఇద్దరం కలిసే వాయిస్తున్నాం.

నకిలీ శబ్దం అనిపించడానికి ఒక నిజమైన కారణం మాత్రం ఉంది, అది మన చేతులారా చేసేది. పెట్టె కొత్తగా విప్పినప్పుడు అందులో ముందే చేసి పెట్టిన ప్యాచ్‌లు ఉంటాయి. షాపులో గొప్పగా వినబడటానికి చేసినవి. కోరస్, డిలే, రివర్బ్, డిస్టార్షన్ అన్నీ ఒకేసారి, పెళ్లి భోజనంలో అన్ని కూరలూ ఒకే చోట కలిపేసినట్టు. ఇంట్లో ఒక్కరమే వాయిస్తే బ్రహ్మాండం. స్టేజి మీద నలుగురితో కలిస్తే బురద. ప్రీఆంప్‌గా వాడటం అంటే వాటన్నిటినీ తీసేయడం. నా ప్యాచ్‌లో ఉన్నవి మూడే. మొదటిది కంప్రెసర్, నాలుగుకు ఒకటి చొప్పున, చాలా కొంచెం. గట్టిగా మీటినది కాస్త తగ్గి, మెల్లగా మీటినది నిలబడేలా. రెండోది ఒక ఆంప్ నమూనా, గెయిన్ తక్కువ. మూడోది ఈక్యూ. అందులో 40కి కింద ఉన్నదంతా కోసేస్తాను. అక్కడ సంగీతం లేదు. చెయ్యి తీగకు తగిలిన దడదడ, స్టేజి కుదుపు ఉంటాయి, స్పీకర్ల బలం అంతా అవే తినేస్తాయి. 250 దగ్గర హాలు మోగితే కొద్దిగా తగ్గిస్తాను, 700 దగ్గర కొద్దిగా పెంచుతాను. అంతే. విసుగు పుట్టించేంత మామూలు స్వరం. ఒంటరిగా వింటే బావుండదు కూడా. పాటలోకి వెళ్లాక దాని చోటు అది పట్టుకుంటుంది.

ఇంకొక్క జాగ్రత్త, స్పీకర్ క్యాబినెట్ నమూనా గురించి. మిక్సర్‌లోకి వెళ్తుంటే అది ఉండాలి, లేకపోతే స్వరం గీరుకుపోతుంది. ఎవరిదైనా నిజం ఆంప్ దొరికి అందులో గుచ్చుతుంటే అది తీసేయాలి. ఆ ఆంప్‌కు వెనక రిటర్న్ అనే జాక్ ఉంటే ముందు జాక్ వదిలేసి అందులోకే వెళ్లాలి. లేకపోతే ఒక ప్రీఆంప్ మీద ఇంకో ప్రీఆంప్ ఎక్కి కూర్చుంటుంది. ఉప్పు వేసిన పప్పులో అమ్మ చూడకుండా నాన్న మళ్లీ ఉప్పు వేసినట్టు.

సరే, ఇప్పుడు ఉగాది. ఇన్ని తెలిసినదాని బేస్ ఎందుకు వినబడలేదు?

పొద్దున రిహార్సల్‌లో వినబడింది. చాలామంది సాక్షులు ఉన్నారు. సాయంత్రం లోపు మిక్సర్‌ను స్టేజి పక్కనుంచి హాలు మధ్యకు మార్చారు. నా కేబుల్ చాలలేదు. సౌండ్ అన్న తన సంచిలోంచి పొడుగు కేబుల్ ఒకటి తీసిచ్చాడు. నేను చూడకుండా గుచ్చేశాను. ఆ జాక్ మీద నల్ల గీతలు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. అంటే స్టీరియో జాక్. ఇది తెలియకపోవడం వల్లే ఇంత కథ, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మా బావ పెట్టెకు బయటికి వెళ్లే జాక్ ఒకటే. హెడ్‌ఫోన్‌కూ అదే, మిక్సర్‌కూ అదే. జాక్ కొనలో ఎడమ చెవి శబ్దం, మధ్య ఉంగరంలో కుడి చెవి శబ్దం ఉంటాయి. బేస్ అయితే రెండిటిలోనూ ఒకటే శబ్దం. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఏం చేస్తుందంటే, కొనలో ఉన్నదానిలోంచి ఉంగరంలో ఉన్నదాన్ని తీసివేస్తుంది. పొడుగు కేబుల్ దారిలో రెండు తీగల మీదా సమానంగా ఎక్కిన రొదను చంపడానికి చేసిన తెలివైన ఏర్పాటు అది. రెండిట్లో సమానంగా ఉన్నదేదైనా దాని దృష్టిలో రొదే. నా బేస్ రెండిట్లోనూ సమానంగా ఉంది. కాబట్టి నా బేస్‌లోంచి నా బేస్‌ని తీసేసింది. సున్నా. మిక్సర్ తన పని తను చేసింది, పెట్టె తన పని తను చేసింది, మధ్యలో నేను కళ్లు మూసుకుని కేబుల్ గుచ్చాను.

రెండు రోజుల తర్వాత ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే పెట్టె నిక్షేపంగా పలికింది. అప్పుడే అనుమానం వచ్చింది. రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లి పొడుగు మోనో కేబుల్ ఒకటి, చిన్న డీఐ బాక్స్ ఒకటి కొన్నాను. తర్వాత అదే మిక్సర్‌తో సెమినార్ హాల్లో ప్రయత్నిస్తే చక్కగా వచ్చింది. డీఐ బాక్స్ ఉంటే ఇంకా మంచిది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది మన శబ్దాన్ని మైకు కేబుల్ మీద ఇరవై ముప్పై మీటర్లు రొద లేకుండా పంపిస్తుంది. మిక్సర్ మైకుల కోసం పంపే 48 వోల్టులు మన పెట్టె మీదికి రాకుండా అడ్డుకుంటుంది కూడా. "హమ్" వస్తే దాని పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే చాలాసార్లు పోతుంది.

కాబట్టి ఉగాది నాడు ఆంప్ ఉంటే ఏమయ్యేది? స్టేజి మీద నాకు వినబడేది, అంతే. హాల్లో మీకు వినబడాలంటే ఆంప్ నుంచి మిక్సర్‌కు మళ్లీ ఒక కేబుల్ వెళ్లాలి, ఆ కేబుల్ కూడా ఆ సంచిలోంచే వచ్చేది.

ఇక ఆంప్ బరువు. మన స్టేజికి సరిపోయేంత బేస్ ఆంప్ అంటే మనకు వచ్చిన కొటేషన్లలో ఇరవై కిలోల చుట్టూ ఉన్నవే. మన రూమ్ మూడో అంతస్తు, లిఫ్ట్ స్టాఫ్‌కు మాత్రమే. బయట పోటీలకు వెళ్తే ఎవరు మోస్తారు? నేను ఆవడి నుంచి లోకల్ ట్రైన్‌లో వస్తాను. గిటార్ బ్యాగుతోనే పొద్దున లేడీస్ పెట్టెలో నాకు రోజూ ఒక యుద్ధం. ఆంప్ కొంటే దాన్ని మోయడానికి ప్రతిసారీ అన్నదమ్ముల్ని పిలవాలి, వాళ్లు వస్తే సౌండ్ మనిషి వాళ్లతోనే మాట్లాడతాడు. తెలుసు కదా. అసలు 1951లో ఫెండర్ కంపెనీ ఈ ఎలక్ట్రిక్ బేస్‌ని అమ్మకానికి తెచ్చినప్పుడు దాని గొప్పల్లో ఒకటి మోత తగ్గడం. అప్పటిదాకా మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని మోసుకు తిరిగేవాళ్లు. మోత తగ్గించడానికి పుట్టిన వాద్యానికి మళ్లీ బండరాయి కడతామా?

"రికార్డుల్లో వినే స్వరం ఆంప్ లేకుండా రాదు" అని ఒక మాట ఉంది. అమెరికాలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ బేస్‌ని ఆంప్ ముందు మైకు పెట్టి కాదు, నేరుగా బోర్డులోకే రికార్డు చేసేవాళ్లు. బేస్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఆయన వాయించినవే సాధన చేస్తారు. మధ్యలో సరైన పెట్టె ఉంటే నేరుగా వెళ్లడం తక్కువ పనేం కాదని అరవై ఏళ్ల కిందటే తేలిపోయింది. జేమర్సన్ పేరు వచ్చింది కాబట్టి కరోల్ కే పేరు చెప్పకుండా ఉండలేను. లాస్ ఏంజెలస్‌లో గిటారిస్టుగా ఉన్న ఆమె, 1963లో ఒక రికార్డింగ్‌కు బేస్ వాయించే మనిషి రాకపోతే బేస్ పట్టుకున్నారు. ఆ తర్వాత వేల రికార్డింగులు. గదినిండా మగవాళ్లే ఉన్న కాలంలో. మనం ఆంప్ గురించి తగువు పడుతుంటే ఆమె నవ్వుకుంటారేమో.

పెట్టెకు లోపాలు లేవని చెప్పను. స్క్రీన్ చిన్నది, మెనూలో దారి తప్పితే పాట మధ్యలో బయటికి రావడం కష్టం. నిరుడు డిసెంబరులో నా వోణీ కుచ్చు తట్టుకుని కాలు పక్క స్విచ్ మీద పడి, భక్తి పాటలో డిస్టార్షన్ పలికింది. ఆ రోజు నుంచి అటూ ఇటూ ఉన్న రెండు ప్యాచ్‌లలోనూ అదే స్వరం కాపీ చేసి పెట్టాను. ఎటు తొక్కినా నష్టం లేదు. అడాప్టర్ వేరేది గుచ్చితే పెట్టె కాలిపోవచ్చు, ప్లస్ మైనస్‌లు తిరగబడి ఉంటాయి. ఇన్‌పుట్ మరీ గట్టిగా వస్తే డిజిటల్‌లో అది మెల్లగా చెదరదు, అద్దం పగిలినట్టు పగులుతుంది. కాబట్టి గట్టిగా మీటి చూసి, ఎర్ర లైటు వెలగనంత వరకే గెయిన్ పెట్టుకోవాలి. ఆంప్ పదేళ్లయినా పనికొస్తుంది, ఈ పెట్టెలు నాలుగైదేళ్లలో పాతబడతాయి. అది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. ఖరీదు సగం కూడా కాదు అన్నదొక్కటే.

ఇంకొకటి, ఎదుటివాళ్ల పక్షాన అన్నిటికంటే బలమైనది. ఆంప్ ఉంటే వాయించేవాళ్లకు తమ స్వరం తమ వెనకనుంచి వస్తుంది. పెట్టెకు స్పీకర్ లేదు. స్టేజి మీద మానిటర్ ఇవ్వకపోతే మనం గుడ్డిగా వాయించాలి. డ్రమ్స్ చెల్లి కూడా ఇదే అంది, ఆమె మాట కాదనలేను. అందుకే నా కోరిక పూర్తిగా "ఆంప్ వద్దు" అని కాదు. ఈ ఏడాది డబ్బుతో పెట్టె, డీఐ బాక్స్, రెండు మంచి మోనో కేబుళ్లు కొందాం. మిగిలినది దాచి పెడదాం. వచ్చే ఏడాది డబ్బు వస్తే చిన్న ఆంప్ ఒకటి కొని ప్రాక్టీస్ రూమ్‌లోనే ఉంచేద్దాం, కదిలించకుండా. ముందు ఆంప్ కొంటే మాత్రం పెట్టె ఎప్పటికీ రాదు. మన కాలేజీ లెక్కలు మీకూ తెలుసు.

గురువారం మళ్లీ మీటింగ్ ఉంది. అదే రోజు లంచ్ టైమ్‌లో సెమినార్ హాల్లో బేస్, పెట్టె, డీఐ బాక్స్ పెట్టి ఉంచుతాను. ముందు నేరుగా మిక్సర్‌లో గుచ్చి వాయిస్తాను, తర్వాత పెట్టె ద్వారా, తర్వాత ఆ రెండు గీతల కేబుల్‌తో. ఏది ఎప్పుడో చెప్పను. మీరు స్పీకర్ల వైపు తిరిగి కూర్చోండి, నన్ను చూడొద్దు. చేతులెత్తడం ఆ తర్వాతే. కీబోర్డు అక్కా, నువ్వు తప్పకుండా రావాలి. నీ స్టాండ్ దగ్గరున్న పవర్ బోర్డు కూడా తీసుకురా, అక్కడ ప్లగ్ పాయింట్ ఒకటే ఉంది.